ఒంగోలు ఉత్తరం ఎవరికివ్వాలి?

హైదరాబాద్‌కు కాపురం మార్చే బాప్టిస్టు కుటుంబం గ్యాస్ కనెక్షన్ కాగితాలు, పిల్లల టీసీలతో పాటు ఇంకో కాగితం కూడా తెచ్చుకుంటుంది. పాత ఊరి సంఘం లెటర్‌హెడ్ మీద కాపరి, కార్యదర్శి సంతకాలతో ఉండే ఉత్తరం అది. వీళ్ళు మా సభ్యులు, ఫలానా ఏట బాప్తిస్మం పొందారు, మంచి సాక్ష్యం ఉన్నవాళ్ళు, మీ సంఘంలో చేర్చుకోండి అని అందులో ఉంటుంది. ఆ ఉత్తరం ఎవరి చేతికిస్తే ఆ కుటుంబం వాళ్ళ సంఘానిదవుతుంది. ఎవరికీ ఇవ్వకపోతే ఊరి సంఘం రిజిస్టరులో పేర్లుంటాయి, మనుషులుండరు.

మియాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంటులో అలాంటి ఉత్తరం ఒకటి బీరువాలోనే ఉండిపోయింది. భర్త మందుల కంపెనీలో కెమిస్టు, ఒంగోలువాడు. భార్య బ్యాంకు ఉద్యోగి, సామర్లకోట అమ్మాయి. పదమూడేళ్ళ కూతురు, ఎనిమిదేళ్ళ కొడుకు. వేసవిలో ఒంగోలు నుంచి వచ్చిన అత్తమామల కళ్ళబడింది ఆ ఉత్తరం. మామగారు రిటైరైన లెక్కల మాస్టారు, ఊళ్ళో సంఘానికి చాలాకాలం డీకన్‌గా చేసినవారు. ఆదివారం భోజనాలయ్యాక ఆయనకూ కోడలికీ మొదలైన వాదన దీపాలు పెట్టే వేళ దాకా సాగింది. ఎవరి పక్షం మాట్లాడినా ఇబ్బందేనని కొడుకు బాల్కనీలో పిల్లాడి సైకిలు చైను బాగుచేస్తూ కూర్చున్నాడు.

“నారాయణగూడలో బాప్టిస్టు చర్చి ఉంది. సికింద్రాబాద్‌లో సెంటినరీ బాప్టిస్టు చర్చి ఉంది. మన అమెరికన్ మిషను సికింద్రాబాద్‌లో 1875లోనే పని మొదలుపెట్టింది. ఇన్ని పెట్టుకుని చర్చి దొరకలేదంటారేంటమ్మా?” అన్నారు మామగారు.

“దొరక్క కాదు మావయ్యా, అందక. మియాపూర్‌లో రెడ్ లైన్ ఎక్కాలి, ఎంజీబీఎస్‌లో దిగి గ్రీన్ లైన్ పట్టుకోవాలి, అప్పుడు నారాయణగూడ. ఆదివారం ఒక్క పూటకైతే వెళ్తాం. సంఘమంటే ఆదివారం ఒక్క పూటేనా? బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం, పిల్లకి యవ్వనస్థుల కూటం. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అయ్యగారు వచ్చి ప్రార్థన చెయ్యాలి. ఇరవై కిలోమీటర్ల అవతల చేరితే మేం సభ్యులం కాము, వచ్చిపోయేవాళ్ళం అవుతాం.”

“మా నాయన పల్లెనుంచి పది మైళ్ళు నడిచొచ్చేవాడు.”

“ఆ పది మైళ్ళలో ఇంకో చర్చి లేదు కాబట్టి నడిచొచ్చారు. ఇక్కడ మా వీధి దాటకుండానే మూడు బోర్డులు కనబడతాయి.”

ఆమె చెప్పినదాంట్లో ఊరి భూగోళం కూడా ఉంది. మిషనరీలు చర్చిలు కట్టిన హైదరాబాద్ వేరు, ఉద్యోగస్థులు ఫ్లాట్లు కొంటున్న హైదరాబాద్ వేరు. పాత సంఘాలు నారాయణగూడ, సికింద్రాబాద్ వైపు ఉండిపోయాయి. కొత్త కాపురాలు మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి దాకా పాకాయి.

“దగ్గర్లో సీఎస్ఐ చర్చి ఉందన్నారుగా, అక్కడికి పోతే పోలా?” అన్నారు అత్తగారు, గొడవ తేలిపోతుందేమోనని.

మామా కోడలూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్ఐగా, ఏర్పడినప్పుడు తెలుగు బాప్టిస్టులు అందులో చేరలేదు. చేరకపోవడానికి ఉన్న కారణాలు ఈ ఇంట్లో ఇప్పటికీ అవే: పసిబిడ్డల బాప్తిస్మం, బిషప్పు. “తల్లి ఒళ్ళో బిడ్డకి ఏం తెలుసని? నమ్మినవాడు తన నోటితో ఒప్పుకోవాలి, అప్పుడు నీళ్ళలోకి దిగాలి” అన్నారు మామగారు. కోడలు కాదనలేదు. తన బ్యాంకు స్నేహితురాలు సీఎస్ఐ అనీ, క్రిస్మస్ ఆరాధనకు వాళ్ళతో వెళ్ళి వచ్చాననీ, అక్కడ పాడినవన్నీ తనకు నోటికొచ్చిన పాటలేననీ మాత్రం చెప్పింది.

“రాకేం?” అన్నారు మామగారు గర్వంగా. “ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో మంచివి చాలా భాగం పురుషోత్తమ చౌదరిగారివి. 1803లో పుట్టిన ఆ మహానుభావుడు బాప్టిస్టు బోధకుడు. ఆయన పాట లూథరన్లూ పాడతారు, సీఎస్ఐ వాళ్ళూ పాడతారు.”

“పాటకి సంఘం గోడలు అడ్డం రాలేదన్నమాట” అంది కోడలు. ఆయన విననట్టు ఊరుకున్నారు.

కోడలు వెళ్ళి చూసినవి ఇంకా ఉన్నాయి. పెద్ద పెద్ద తెరలు, కారు పార్కింగుకు వాలంటీర్లు ఉన్న ఒక హాలుకు కొన్నాళ్ళు వెళ్ళారు. ప్రసంగం బాగుంది, సంగీతం బాగుంది, ద్వారం దగ్గర కానుకకు క్యూఆర్ కోడ్ కూడా ఉంది. వెళ్ళినన్నాళ్ళూ వీళ్ళ పేరు మాత్రం ఎవరూ అడగలేదు. ఇంకోచోట పేరు అడిగారు, ఊరడిగారు, బాప్తిస్మం ఎక్కడ పొందారో అడిగారు, చివరికి అది చెల్లదు, యేసు నామంలో మళ్ళీ పొందాలి అన్నారు. “మా ఆయన ఒంగోల్లో, నేను సామర్లకోటలో పొందింది చెల్లదన్నవాళ్ళ దగ్గరికి రెండోసారి వెళ్ళలేదు” అంది ఆమె. ఆ మాటకి బాల్కనీలోంచి కూడా తల ఊగింది.

ఆమె మనసు నిలిచిన చోటు మాత్రం వీధి చివర, టైల్స్ షాపు పైన రెండో అంతస్తులోని ప్రార్థనా మందిరం. పాస్టరుగారు గుంటూరు వైపు మనిషి, పాస్టరమ్మ సండే స్కూలు చూస్తుంది. ఎనిమిదేళ్ళవాడు ఆదివారం పొద్దున్నే తనంతట తానే లేచి తయారయ్యేది ఆ సండే స్కూలు కోసమే.

“వాళ్ళు పసిబిడ్డలకు ఇవ్వరు మావయ్యా. నమ్మినవాళ్ళకే ఇస్తారు, ముంచే ఇస్తారు. స్టేజీ కింద తొట్టి ఉంది. ప్రభు బల్ల ఉంది, బైబిలు బోధ ఉంది. ఇంకేం కావాలి బాప్టిస్టు అనడానికి? బోర్డు మీద ఆ మాట లేదు, అంతేగా?”

“బోర్డు ఊరికే రాలేదమ్మాయ్. గుండ్లకమ్మలో దిగి తెచ్చుకున్నాం.”

అక్కణ్ణుంచి మామగారు పాఠం చెప్పినట్టు చెప్పారు. 1876లో మొదలైన కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పనిలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా మాదిగపల్లెల వాళ్ళు, గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కూలి గింజల కోసం చేరారన్న మాట పడకూడదని క్లౌ ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. సహాయం ఆగిపోయాక కూడా వాళ్ళు అడగడం మానలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది దిగారు. ముంచింది దొర కాదు, తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ.

“అంతమందిని అన్నాళ్ళు ఆపాడు ఆ మనిషి. మీ టైల్స్ షాపు పాస్టరుగారు మన పిల్లకి ఎప్పుడిస్తానన్నాడు?”

కోడలు కాస్త తటపటాయించింది. “వచ్చే ఆదివారం ఇచ్చేద్దాం అన్నారు.”

“పిల్ల ఏమంది?”

“ఇప్పుడే వద్దు తాతయ్యా, నాకింకా కొన్ని అర్థం కాలేదు అన్నాను” అని లోపలి గదిలోంచి జవాబు వచ్చింది.

“ఈ ఇంట్లో అసలు బాప్టిస్టు అదీ!” అన్నారు మామగారు.

కోడలు నవ్వింది గానీ వదల్లేదు. కెనడా బాప్టిస్టుల ఇంటి పిల్ల. కాకినాడలో థామస్ గేబ్రియేల్ మొదలుపెట్టిన పని కోసం 1874లో మెక్లారిన్ దొర వచ్చినప్పటి నుంచీ తమ వాళ్ళూ సంఘంలో ఉన్నారని చెప్పుకునే కుటుంబం. కెనడా మిషను సంఘాలది ఉత్తర సర్కారుల సమాఖ్య, అమెరికన్ మిషను సంఘాలది సమావేశం. పెళ్ళి చూపులప్పుడు ‘మీరు ఉత్తర సర్కారుల సమాఖ్యా, మేం సమావేశం’ అని మామగారు అంటే, ‘రెండిటికీ నీళ్ళు ఒకటేగా’ అని వియ్యంకుడు జవాబిచ్చాడట. తండ్రి దగ్గర చదివిన చరిత్ర పుస్తకాలు ఆ మధ్యాహ్నం పనికొచ్చాయి.

“నీళ్ళ సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతాను. మొట్టమొదటి బాప్టిస్టు సంఘం ఎక్కడ పుట్టింది?”

“ఆమ్‌స్టర్‌డామ్‌లో. 1609. జాన్ స్మైత్.”

“ఆయన బాప్తిస్మం ఎలా పొందాడు?”

మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

“తనకు తానే ఇచ్చుకున్నాడు మావయ్యా. అదీ మునిగి కాదు, నీళ్ళు పోసుకుని. ముంచడం అన్నది ఇంగ్లండు బాప్టిస్టుల్లో 1640ల మొదట్లోగానీ రాలేదు. అంటే మొదటి బాప్టిస్టు మన చర్చికి ఉత్తరం పట్టుకొస్తే మీ డీకన్లు చేర్చుకోరు. ఆయన పట్టుబట్టింది నీళ్ళ లోతు గురించి కాదు. నమ్మినవాళ్ళే సంఘం, ఆ సంఘం మీద రాజుగానీ బిషప్పుగానీ పెత్తనం చెయ్యకూడదు, అందుకు.”

చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకునే విషయమే ఇది. వినడానికి మామగారికి ఇష్టంగా లేకపోయినా, వాదనను ముందుకు నెట్టింది ఈ మాటే. 1836లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగు తీరంలో దిగినప్పుడు నమ్మిన పెద్దవాళ్ళను నీళ్ళలో ముంచడం ఇక్కడ ఒక మిషను ప్రత్యేకత. ఇప్పుడు? గోల్కొండ క్రాస్‌రోడ్స్ హెబ్రోను నుంచి పాకిన భక్తసింగ్ సహవాసాలు ముంచుతాయి, పెంతెకొస్తు వాళ్ళు ముంచుతారు, మేడ మీద ప్రార్థనా మందిరాలూ ముంచుతాయి. తెలుగు నేల మీద ఆ ఒక్క విషయంలో బాప్టిస్టులు ఎంతగా గెలిచారంటే, అది చూసి ఇక బాప్టిస్టుల్ని గుర్తుపట్టడం కుదరదు.

“అయితే తొట్టి చూసి చర్చిని ఎంచుకోకూడదంటావు” అన్నారు మామగారు నెమ్మదిగా.

“అదే అంటున్నాను.”

“మంచిది. నేనూ అదే అంటాను. తొట్టి వదిలెయ్, బీరువా చూడు. తాళాలు ఎవరి దగ్గరున్నాయి?”

కోడలు వెంటనే జవాబివ్వలేదు.

“బ్యాంకులో వంద రూపాయలు తేడా వస్తే చీకటిపడ్డా ఇంటికి రావు. ప్రతి నెలా దశమ భాగం ఇస్తున్నావు కదా, ఏడాది లెక్క ఎప్పుడైనా చదివి వినిపించారా? పాస్టరుగార్ని ఎవరు పిలిచారు? ఆయన తప్పు చేస్తే తీసేసేది ఎవరు? కొత్తవాళ్ళను చేర్చుకునేటప్పుడు సంఘం చేతులెత్తిందా? డీకన్లున్నారా?”

“పాస్టరుగారే స్థాపించారు. డీకన్లు లేరు. ఆయన తమ్ముడు చూసుకుంటాడు.”

“చూశావా!”

ఇక్కడ మామగారు ఒక సంగతి చెప్పారు. ఊళ్ళో ఆయన డీకన్‌గా ఉన్నప్పటిది. వార్షిక సభలో లెక్కలు చదువుతున్నారు. పెట్రోమాక్స్ లైట్ల మాంటిళ్ళకు అయిన ఖర్చు దగ్గర, కూలికెళ్ళే ఒక ముసలమ్మ లేచి నిలబడింది. కిందటేడు ఇంత కాలేదే, ఈ ఏడు రాత్రి కూటాలు తక్కువేగా అంది. మాస్టారు ఆయన, పైగా డీకను. చదువు రాని మనిషికి జవాబు చెప్పడానికి చెమటలు పట్టాయి. దుకాణం రసీదులు తెప్పించి, తుపాను రోజు పగిలినవి కూడా లెక్కలో ఉన్నాయని చూపించాకే ఆవిడ కూర్చుంది. “బయట ఆవిణ్ణి రైతు గడప ఎక్కనివ్వని రోజులు. సంఘంలో మాత్రం నాకు ఒక ఓటు, ఆవిడకు ఒక ఓటు. బాప్టిస్టు అంటే నాకు తెలిసింది అదమ్మా.”

“ఆ ముసలమ్మ ఇవాళ లేచి అడిగితే చెప్పేవాళ్ళున్నారా మావయ్యా మన దగ్గర?” కోడలి గొంతు పెరిగింది. “మిషన్లు వదిలి వెళ్ళిన స్థలాల మీద తగాదాలు కోర్టుల్లో ఉన్నాయి. ఎన్నికలంటే వర్గాలు. ఆదివారం సంఘం రెండుగా చీలి కూర్చునే చోట్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. పేరు బాప్టిస్టు, సభ జరిగి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తుండదు. అలాంటి చోటికి ఉత్తరం ఇచ్చి, పిల్లలకు ఏం నేర్పను?”

మామగారు కాసేపు కిటికీలోంచి చూశారు. ఆయన తర్వాత అన్న మాట ఆ మధ్యాహ్నం మొత్తంలో బలమైనది.

“రోగం ఉంది, కాదన్ను. కానీ ఆ రోగం పేరు నువ్వు చెప్పగలుగుతున్నావు చూడు, ఎందుకని? రూలు పుస్తకం ఉంది, సభ్యుల రిజిస్టరు ఉంది, అడిగే హక్కు ఉంది, అడిగితే చెప్పకపోతే కోర్టుకెళ్ళే హక్కు ఉంది. మేడ మీద మందిరంలో నీకు ఆ తగాదా కూడా లేదు. ఎందుకంటే అక్కడ నువ్వు సభ్యురాలివి కావు. కానుక వేసే మనిషివి.”

బ్యాంకు ఉద్యోగికి ఆ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. చర్చి పేరు మీద ఖాతా తెరవడానికి వచ్చేవాళ్ళను ఆమె అడిగే మొదటి ప్రశ్నే అది: సొసైటీయా, ట్రస్టా? 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైతే సభ్యుల జాబితా, కార్యవర్గం, ఏటా సర్వసభ్య సమావేశం ఉండాలి. ట్రస్టయితే ట్రస్టీలదే మాట, వాళ్ళు ఒకే ఇంటివాళ్ళు అయినా అడ్డేమీ లేదు. కౌంటరు దగ్గర రోజూ అడిగే ఆ ప్రశ్నను ప్రార్థనా మందిరంలో అడగాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. అడిగితే విశ్వాసం తక్కువనుకుంటారేమో అన్న జంకు మనలో చాలామందికి ఉన్నదే. ఆ జంకును పోషించే కాపరులూ తక్కువేం కాదు.

అయినా ఆమె దగ్గర ఇంకో అస్త్రం ఉంది.

“మీ చర్చిలో ప్రభు భోజనం రోజున సంఘ నిబంధన చదువుతారు కదా మావయ్యా. మీకు కంఠస్థం. చివర్లో, ఊరు విడిచి వెళ్ళేవాళ్ళ గురించి ఏముంది?”

ఆయన కళ్ళు మూసుకుని పెదవులతో వరుస పట్టుకున్నారు. అమెరికాలో 1853లో జె. న్యూటన్ బ్రౌన్ అనే ఆయన కూర్చిన నిబంధన అది, బాప్టిస్టు చర్చిల గోడల మీద చట్రం కట్టి వేలాడదీసేంతగా వ్యాపించింది. ఊరు మారితే వీలైనంత త్వరగా మరో సంఘంలో చేరతాం, ఈ నిబంధన స్ఫూర్తినీ దేవుని వాక్యపు సూత్రాలనూ ఎక్కడ పాటించగలమో అక్కడ, అన్నది దాని సారాంశం.

“మరో బాప్టిస్టు సంఘంలో అని ఉందా?”

ఆయన మళ్ళీ మొదటి నుంచి వల్లించుకున్నారు. లేదు.

“వీలైనంత త్వరగా అని మాత్రం ఉంది” అన్నారు కళ్ళు తెరిచి. “ఆ ఉత్తరం బీరువాలో ఎన్నాళ్ళనుంచి ఉంది?”

ఇద్దరికీ చెరో దెబ్బ తగిలింది. లోపలినుంచి కాఫీలు వచ్చాయి.

కాఫీతో పాటు అత్తగారు తన ప్రశ్నా తెచ్చారు. “నాకు మీ నిబంధనలు తెలియవు. రేపు మాలో ఎవరికైనా ఏదైనా అయితే ఎక్కడ పెడతారు? ఆ మేడ మీద వాళ్ళకి సమాధుల తోట ఉందా?” లేదు. అద్దె హాలులో నడిచే సంఘానికి స్థలమే లేదు, సమాధి స్థలం ఎక్కడిది? పల్లెలో ఎవరూ ఆలోచించని ఈ సంగతి నగరంలో చావింట తెల్లవారుజామున ఫోన్ల మీద ఫోన్లుగా బయటపడుతుంది. పెళ్ళి సంగతి కూడా అంతే. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇలాంటి సంఘాల కాపరి పెళ్ళి చేయించాలంటే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. లేని పాస్టరుగారు పెళ్ళి చేస్తే దీవెన దక్కుతుందేమో గానీ, పాస్‌పోర్టు ఆఫీసులో చూపించే సర్టిఫికెట్ దక్కదు. సంఘం వెతుక్కునేవాళ్ళు ప్రసంగం ఎలా ఉందో చెప్పుకుంటారు, ఈ రెండూ మాత్రం అడగరు. అత్తగారు అడిగారు.

“మెన్నొనైట్ బ్రెదరన్ వాళ్ళు ఎలాంటివాళ్ళు మావయ్యా?” అని కోడలు ఉన్నట్టుండి అడిగింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక సహోద్యోగి వాళ్ళ చర్చికి రమ్మంటోంది.

మామగారి మొహం వెలిగింది. “వాళ్ళు మన దాయాదులే. నమ్మినవాళ్ళనే ముంచుతారు. నల్లగొండలో మన అమెరికన్ మిషను పని చూసింది ఎవరనుకున్నావు? అబ్రహాం ఫ్రీసెన్ అని రష్యా నుంచి వచ్చిన మెన్నొనైటు. 1889లో వచ్చాడు, బాప్టిస్టు మిషను కిందే పనిచేశాడు. అక్కడ సభ కూడా ఉంటుంది, వెళ్ళి చూడండి.” వీధి పక్క మందిరానికి ససేమిరా అన్న మనిషి, బోర్డు మీద బాప్టిస్టు అన్న మాట లేని ఇంకో సంఘానికి ఇంత తేలిగ్గా ఊఁ అన్నారంటే, ఆయన పట్టుదల మొదటినుంచీ పేరు గురించి కాదని తెలుస్తుంది. ఆయనకే అప్పటిదాకా తెలిసినట్టు లేదు.

కానీ ఆ చర్చి కూడా దూరమే. మళ్ళీ మొదటికొచ్చారు.

బాల్కనీలోంచి కొడుకు చేతులకు గ్రీజుతో లోపలికి వచ్చాడు. “గురువారం ప్రార్థనకి మన ఇంటికి వచ్చేవాళ్ళ దగ్గర కూడా ఇలాంటి ఉత్తరాలే ఉన్నాయి నాన్నా. బాపట్ల వాళ్ళకు ఉంది, నెల్లూరు వాళ్ళకు ఉంది, తుని మాస్టారు గారికి ఉంది. అందరివీ బీరువాల్లోనే.”

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మామగారే అన్నారు. “అయితే ఆ ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టండి.”

“మేమేనా? కాపరి లేడు, స్థలం లేదు” అంది కోడలు. “పదిమంది కూర్చుంటే చర్చి అవుతుందా?”

“బిషప్పు లేడని ఇందాక గొప్పగా చెప్పావుగా. లేనప్పుడు ఎవరి అనుమతి కావాలి? నమ్మినవాళ్ళు కొందరు కూడి, నిబంధన రాసుకుని, ఒకరినొకరు చేర్చుకుంటే సంఘమే. మన సూత్రం అదే కదా. నారాయణగూడ పెద్దల్ని అడగండి, సికింద్రాబాద్ పెద్దల్ని అడగండి, ఆదివారం ఒక బోధకుణ్ణి పంపమనండి. మనుషులు తక్కువని ఆలోచించకండి. తక్కువగా ఉన్నారనే మన తెలుగు మిషన్ను మూసేద్దామా అని 1853లో అమెరికాలో సభ పెట్టి మరీ చర్చించారు.”

కోడలు పూర్తిగా ఒప్పుకోలేదు. పిల్లాడు మేడ మీద సండే స్కూలుకు వెళ్తూనే ఉంటాడని ముందే చెప్పింది, మామగారు దానికి అడ్డం చెప్పలేదు. పాస్టరుగారిని సొసైటీయా ట్రస్టా అని అడుగుతాననీ, ఆయన కాగితాలు చూపిస్తే తన అభిప్రాయం తనకు ఉంటుందనీ కూడా అంది. గురువారం వచ్చేవాళ్ళతో మాట్లాడటానికి మాత్రం సరేనంది.

ఈ వాదనలో కోడలి చరిత్ర సరైనది, మామగారి ప్రశ్నలు సరైనవి. వీధి చివరి మందిరం సభ్యుల రిజిస్టరు తెరిచి, లెక్కలు చదివి వినిపించే దాకా ఆ ఉత్తరం దానికి ఇవ్వకూడదు. బాప్టిస్టు అన్న పేరున్నా సభ జరపని చోటికీ ఇవ్వకూడదు. నగరంలోని పాత బాప్టిస్టు సంఘాల పెద్దలు ఆదివారం మూడో ఆరాధన సొంత గోడల మధ్యే పెట్టుకునే బదులు మియాపూర్‌లోనో నిజాంపేటలోనో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుంటే, బీరువాల్లో ఉన్న ఉత్తరాలు ఎన్నో బయటికొస్తాయి. మొదటి ఆదివారం వచ్చినవాళ్ళను లెక్కపెట్టి నిరుత్సాహపడనక్కర్లేదు. తర్వాత వేలల్లోకి పెరిగి ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘమని పేరు తెచ్చుకున్న ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఏర్పడినప్పుడు దాని సభ్యులు ఎనిమిది మంది.